వేలు పట్టే సందు

"చెద ఎక్కడ పట్టింది?"

"దూలానికి కాదు. దూలం మోసేవాడికి."

కళ్ళజోళ్ళ షాపువాడు తల ఊపి వెనక తలుపు తీశాడు. ఈ వారం కోడ్ అది. ఎవడు రాశాడో గానీ పొద్దున్నే పళ్ళు తోమకుండా రాసినట్టుంది.

వెనక గదిలో, కంటి పరీక్ష చేసే అక్షరాల చార్ట్ కింద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌కి చీఫ్. ఎదుటివాడి కళ్ళలోకి చూడకుండా మాట్లాడటంలో ముప్ఫై ఏళ్ళ అనుభవం.

"కూర్చో, కాకరా."

"నిలబడే వింటాను."

కాకర అన్నది అతని కోడ్‌నేమ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో సరదాకి పెట్టారు. అప్పట్లో అతనికీ ఆ పేరుకీ పొంతన ఉండేది కాదు. కిందటేడు భార్య పోయింది. అప్పట్నుంచి పేరు అతికినట్టు సరిపోయింది.

ఈ గదిలోనే, ఈ చార్ట్ కిందే, పెద్దాయన ఆమె చావు మీద రిపోర్ట్ చదివి వినిపించాడు. 'పరంజా మీద కాలు జారింది. ప్రమాదం.' రెండే ముక్కలు. పదేళ్ళుగా పరంజాల మీద పిల్లిలా తిరిగిన మనిషికి కాలు జారిందట. కాకర ఆ రోజు తల ఊపి బయటికి వచ్చేశాడు. అనని మాట కడుపులో అలాగే ఉండి పుండయింది.

"పాత ఓడల వర్తకుడి మేడ," అన్నాడు పెద్దాయన, బల్ల మీద ఫొటో పెట్టి. "ఇప్పుడు బ్యాంకు. రెండు దేశాలు కలిసి పెట్టినది. కౌంటర్లు ఎప్పుడో మొదలయ్యాయి. పెద్దవాళ్ళకి తీరిక ఇవాళ దొరికింది. సరిహద్దు అవతలి ఆర్థిక మంత్రి వచ్చి శిలాఫలకం మీద తెర లాగుతాడు. ఆయన మన గడ్డ మీద చస్తే?"

"యుద్ధం."

"యుద్ధమొస్తే ఎవడికి పండగ?"

"కొలిమికి."

కొలిమి అంటే ఎక్కడో మూడో దేశంలో కూర్చున్న ముఠా. ఇటువాళ్ళకీ తుపాకులు అమ్ముతారు, అటువాళ్ళకీ అమ్ముతారు. ఇద్దరూ చెయ్యి కలిపితే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు.

"బాంబు పెట్టారు. నేలమాళిగలో, లాకర్ల గది గోడలో. నువ్వెళ్ళి తీసెయ్యి."

"ఎవరు చెప్పారు?"

"నెమలి."

కాకర పళ్ళు బిగుసుకున్నాయి. నెమలి ఇంటీరియర్ డెకొరేటర్. పట్టుచీర కట్టినా, ప్యాంటు వేసినా వీధి మొత్తం మెడ తిప్పుతుంది. ఆమె తమ మనిషని కొలిమికి నమ్మకం. ఆమె మన మనిషని పెద్దాయనకి నమ్మకం. డబుల్ ఏజెంట్. రెంటికీ చెడ్డ రేవడి అంటారు. ఈమె రెంటికీ మంచిదే.

"కార్యక్రమం ఆపించండి," అన్నాడు కాకర.

"ఆపితే భయపడ్డారంటారు."

"ఆపకపోతే చచ్చారంటారు."

"అందుకే నిన్ను పంపిస్తున్నా. ఆ మేడ నీకు తెలుసు."

"నాకు తెలీదు. నా భార్యకి తెలుసు."

పెద్దాయన అక్షరాల చార్ట్ వైపు చూశాడు. కింది వరస చదువుతున్నంత శ్రద్ధగా చూశాడు.

ఆ మేడని బ్యాంకుగా మార్చిన ఆర్కిటెక్ట్ ఆమే. పని ఇంకా మిగిలి ఉండగానే పోయింది. మిగిలిన పని, అప్పటికే అక్కడ డెకొరేషన్ చూస్తున్న నెమలి చేతికి వెళ్ళింది.

*

చెదపురుగులకి మందు కొట్టేవాడి వేషం. బూడిదరంగు యూనిఫాం, టోపీ, వీపు మీద మందు ట్యాంకు. టోపీ గుండీలో మైక్, అంచులో చిన్న స్పీకర్. స్ప్రే గన్ మూతిలో గోడ లోపలి వేడిని చూపించే కెమెరా. ట్యాంకులో మాత్రం అసలు మందే పోశారు. కంపు కొట్టకపోతే ఎవడూ నమ్మడన్నాడు టెక్నికల్ సెక్షన్ వాడు. ఆ డిపార్ట్‌మెంట్‌లో బుర్ర వాడేది వాడొక్కడే.

వేషం మాత్రం గట్టిది. పాత ఇంట్లో చెదమందు వాడిని ఆపేవాడు లేడు. ఏ తలుపైనా తీస్తారు, తీసి ముక్కు మూసుకుని దూరంగా పోతారు.

మేడ ముందు నిలబడి కాకర తలెత్తి చూశాడు. ఇరుకు వీధిలోకి సన్నటి మొహం, వెనక్కి వెళ్ళేకొద్దీ పెద్ద కడుపు. పూర్వం పట్టణాల్లో ఇళ్ళు అలాగే కట్టేవారు. వీధి తలుపు ఏనుగు దూరేంత. ఆ తలుపులోనే మనిషి దూరేంత దిడ్డి. లోపల నాలుగువైపులా కమాన్లు, మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి. పై అంతస్తు వసారాని మోసే టేకు స్తంభాలు. ఒకప్పుడు ముంగిట్లో సరుకు దింపేవారు, నేలమాళిగలో దాచేవారు, పైన కాపురం ఉండేవారు. ఇప్పుడు ముంగిట్లో కౌంటర్లు, నేలమాళిగలో లాకర్లు, వర్తకుడి పడగ్గదిలో మేనేజరు. పైకప్పు మీద అప్పటి రంగుల పూలు అలాగే ఉన్నాయి. వాటి కింద కూర్చుని మేనేజరు లోన్లు తిరస్కరిస్తాడు.

కాకర భార్య ఒక్క గోడ కూలగొట్టలేదు. పిట్టగోడ మీద సన్నటి ఇనుప కాళ్ళు నిలిపి, వాటిమీద గాజు కప్పు పరిచింది. ముంగిలి మీద వాన పడదు, వెలుగు మాత్రం పడుతుంది. కొత్త కౌంటరు పాత గోడని ఆనుకోదు. పుచ్చిపోయిన స్తంభానికి కొత్త చెక్క అతికితే, రంగు కలపలేదు, అతుకు దాచలేదు. కొత్తది పాతదాన్ని కలిసే ప్రతిచోటా సందు వదిలింది. వేలు పట్టేంత సందు.

ఆ సందు మీద మొగుడూ పెళ్ళాలకి రోజూ తగువే.

"ఊళ్ళో వాళ్ళు గోడకి పగుళ్ళుంటే పూడ్చుకుంటారు. నువ్వేంటే, డబ్బిచ్చి మరీ పగులు పెట్టిస్తావ్?" అనేవాడు.

"కొత్తది కొత్తదని చెప్పుకోవాలి," అనేది ఆమె. "దొంగచాటుగా పాతదాంట్లో కలిసిపోతే అది మరమ్మతు కాదు, మోసం. మీ ఉద్యోగం లాంటిది."

ఆ మాటకి అతను నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. ఎవడినైనా కొట్టాలనిపిస్తుంది.

దిడ్డి గడప దగ్గర కూడా ఆమె సందు ఉంది. అరిగిపోయిన పాత రాతి గడపకీ లోపల వేసిన కొత్త నేలకీ మధ్య. కాకర దాన్ని దాటి లోపలికి అడుగుపెట్టాడు.

"చూసి, చూసి!" అంది ఒక ఆడగొంతు. "హీల్స్ ఉన్నవాళ్ళు అక్కడ ఇరుక్కుంటారు. మీకేం, బూట్లు."

కౌంటరు వెనకనుంచి తలెత్తింది మరదలు. భార్య చెల్లెలు. ఈ బ్యాంకులోనే క్యాషియరు. ఆమె ఇవాళ సెలవులో ఉందని పెద్దాయన మనుషులు చెప్పారు. వాళ్ళు చెప్పినవాటిలో ఏది నిజమయింది గనక!

"బావా?"

"అరవకు."

"ఇన్సూరెన్స్ ఉద్యోగం ఊడిందా?" మరదలు టోపీ నుంచి బూట్ల దాకా చూసింది. "చెదమందు కొడుతున్నావా? అక్క చూసుంటే ఎంత మురిసిపోయేదో! పోయాక ఒక్కసారైనా మా గుమ్మం తొక్కావా? అమ్మ అడుగుతుంది, అల్లుడున్నాడా పోయాడా అని. ఉన్నాడమ్మా, పురుగులు చంపుకుంటున్నాడని చెప్తాలే."

"ఇంటికి వెళ్ళిపో. ఇప్పుడే."

"ఎందుకు?"

"మందు ఘాటు. నీకు పడదు."

"నీ మొహం కంటే ఘాటా? మంత్రి వస్తున్నాడు, ఎవరూ కదలకూడదని మేనేజరు చెప్పాడు." ముక్కు ఎగబీల్చింది. "కంపు మాత్రం నిజమే."

వాదించే వ్యవధి లేదు. తిట్టించుకుంటూనే నేలమాళిగ మెట్లు దిగాడు.

*

బాంబు దొరికింది. లాకర్ల గదిలో, గోడకి వేసిన చెక్క పలక వెనక. కెమెరా పెట్టగానే ఎర్రగా కనిపించింది. పలక ఊడదీస్తే పెట్టె, పెట్టెలో గడియారం, గడియారానికి రంగురంగుల తీగలు. ట్రైనింగ్ మొదటి వారంలో కుర్రవాళ్ళకి ఇచ్చే బొమ్మలా ఉంది. కాకర తీగ కత్తిరించాడు. గడియారం ఆగింది.

"తీసేశాను," అన్నాడు మైక్‌లో.

"శభాష్!" పెద్దాయన గొంతులో నెమ్మది. "నెమలి చెప్పింది చెప్పినట్టే. నువ్వింకా ఆమెని అనుమానిస్తున్నావ్."

కాకర పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాడు. దేశాల మధ్య యుద్ధం పెట్టగలిగిన ముఠా. వాళ్ళ బాంబు పిల్లికి గంట కట్టినట్టు కనిపిస్తోందేమిటి? దొరకడానికే పెట్టినట్టుంది.

"ఇంకోటి ఉంది," అన్నాడు.

"ఎక్కడ?"

"తెలీదు."

"తెలీనిది ఉందనకు. కార్యక్రమం మొదలవుతోంది. పైకొచ్చి మూల నిలబడు. కెమెరాలున్నాయి, కంపు కొట్టకు."

పైకి వచ్చేసరికి ముంగిలి నిండిపోయింది. రెండు దేశాల జెండాలు, సూట్లు, ఫొటోగ్రాఫర్లు. గాజు కప్పులోంచి ఎండ దిగి అందరి నెత్తిన సమానంగా పడుతోంది. తూర్పు గోడ దగ్గర కొత్త కమాను, దాని మధ్యలో శిలాఫలకం, ఫలకం మీద మెరిసే తెర. పక్కన నెమలి. ఆకుపచ్చ పట్టు, ఎత్తు మడమల చెప్పులు. చుట్టూ మూగినవాళ్ళకి గోడ చూపిస్తోంది.

"ఇక్కడ ఒకప్పుడు పాడుబడిన కిటికీ ఉండేదండీ. మూయించి, మిగతా కమాన్లలాగే ఇది కట్టించాను. పాత గార, పాత మసి, పాత పగుళ్ళు కూడా. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పండి చూద్దాం!"

"అబ్బే, దేవుడు కూడా చెప్పలేడు," అన్నాడు మేనేజరు. నెమలి ముందు మేనేజర్లందరూ అలాగే మాట్లాడతారు.

ఆమె కళ్ళు కాకర మీద పడ్డాయి. చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో గుర్తుపట్టడం ఉంది, జాలి ఉంది. జాలి చూసి అతనికి ఒళ్ళు మండింది.

కౌంటరు పక్కన మరదలు గుడ్డ పట్టుకుని ఒంగి ఏదో తుడుస్తోంది.

"నీకు ఈ పని కూడానా?" అన్నాడు.

"తుడిచేవాళ్ళు తెర దగ్గర బిజీ. మంత్రి ఇటు చూస్తాడట, దుమ్ము కనపడకూడదట." అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి సందులోకి దూర్చింది. "మీ ఆవిడ పుణ్యమా అని ఈ మేడంతా సందులే. కౌంటరుకి సందు, స్తంభానికి సందు, మెట్లకి సందు. అగ్గిపుల్లలతో తుడవలేక చస్తున్నాం. అక్క కాబట్టి ఊరుకున్నా, ఇంకెవరైనా అయితే శాపనార్థాలు పెట్టేదాన్ని. ఆ తూర్పు గోడ ఒక్కటే ప్రాణానికి హాయి. సందే లేదు."

కాకర తల తిప్పాడు.

గోడ నున్నగా, నిండుగా, పాతగా ఉంది. వందేళ్ళుగా అక్కడే ఉన్నట్టుంది. కొత్త కమాను పాత గోడలోకి ఎక్కడ దిగిందో కంటికి ఆనడం లేదు. మేడ మొత్తంలో అబద్ధం చెబుతున్న గోడ అదొక్కటే.

దాపరికమే వృత్తి అయినవాళ్ళు చేసే పొరపాటు అది. వాళ్ళకి దాచడం తప్ప చేతకాదు. ఏ అతుకూ దాచని ఇంట్లో అతుకు దాస్తే, అదే దండోరా వేసి చెబుతుందని వాళ్ళకి తట్టదు.

స్ప్రే గన్ ఎత్తి చూశాడు. కెమెరాలో ఏమీ లేదు. ఉత్త నలుపు. పక్క గోడలు ఎండకి వెచ్చగా కనిపిస్తున్నాయి. ఈ కమాను వెనక మాత్రం సీసం రేకు పరిచినట్టు చచ్చిన నలుపు. తెర లాగే పట్టుతాడు వైపు చూశాడు. ఒక కొస మంత్రి కోసం కుచ్చు కట్టి వేలాడుతోంది. అక్కణ్ణుంచి తాడు పైకి వెళ్ళి, తెరని తాకి, ఇత్తడి రింగులోంచి గోడలోకి పోయింది.

తెర తియ్యడానికి తాడు గోడలోకి పోవడమెందుకు?

"తూర్పు గోడ," అన్నాడు మైక్‌లో. "ట్రిగ్గర్ తాడే. ఆపండి."

"నెమలి ఆ గోడ క్లియర్ అని చెప్పింది."

"కట్టించింది నెమలే!"

"నీ ఇంటి గొడవ ఇక్కడికి తేకు, కాకరా. ఇది ఆర్డర్. కదలకు."

కాకర టోపీ తీశాడు. పెద్దాయన గొంతుతో సహా దాన్ని చెత్తబుట్టలో పడేశాడు.

మంత్రి ముందుకు వచ్చాడు. ముసలాయన, సన్నటి చేతులు, నిజమైన నవ్వు. కుచ్చు పట్టుకుని ఫొటోల కోసం ఆగాడు. అందరూ దగ్గరికి జరిగారు. ఒక్క నెమలి వెనక్కి జరిగింది. సెల్ చెవికి ఆనించుకుని వీధి తలుపు వైపు నడిచింది. తను కట్టిన గోడ పక్కన ఫొటోకి నిలబడని డెకొరేటర్ లోకంలో ఉంటుందా?

అరిస్తే మంత్రి ఉలిక్కిపడి లాగేస్తాడు. కాకర అరవలేదు. స్ప్రే గన్ ఎత్తి, ఫొటోగ్రాఫర్ల మొహాల మీద మందు కొట్టాడు. ఆ కంపుకి గుంపు తిట్టుకుంటూ, దగ్గుకుంటూ రెండుగా చీలింది. ఆ దారిలో దూకాడు.

మంత్రి చెయ్యి కిందికి వచ్చింది.

కాకర పిడికిలి ఇత్తడి రింగు దగ్గర తాడుని పట్టేసింది. కాలు గోడకి తన్నిపెట్టాడు. కింద మంత్రి లాగుతున్నాడు. తెర ఇరుక్కుందనుకుని ఇంకాస్త గట్టిగా లాగాడు. పట్టుతాడు అరచేతిని కోసుకుంటూ జారింది, ఆగింది. గోడ లోపల ఏదో టిక్కుమంది. రెండో టిక్కు రాలేదు.

"వదలండి!" అన్నాడు కాకర పళ్ళ మధ్యనుంచి.

"క్షమించాలి, మీరెవరు?" అన్నాడు మంత్రి మర్యాదగా, తాడు వదలకుండా.

సెక్యూరిటీవాళ్ళు కాకర నడుం పట్టి లాగుతున్నారు. వాళ్ళు గెలిస్తే అందరూ ఓడిపోతారు. మంత్రీ, మేనేజరూ, పింఛను డబ్బులు తీసుకోవడానికి వచ్చి మూల నిలబడిన ముసలివాళ్ళూ, మరదలూ. రక్తానికి తాడు నున్నబడింది. ఇంకో వెంట్రుకవాసి జారింది.

"మరదలా! కత్తెర!"

ఆమె ఎందుకని అడగలేదు. జీవితంలో మొదటిసారి బావ మాటకి ఎదురు చెప్పలేదు. నోట్ల కట్టల పట్టీలు కత్తిరించే కత్తెరతో కౌంటరెక్కి దూకి, బావ పిడికిలికీ మంత్రి చేతికీ మధ్య తాడుని కసుక్కున కోసింది. మంత్రి కుచ్చుతో సహా వెనక్కి, మేనేజరు ఒళ్ళోకి పడ్డాడు. సెక్యూరిటీవాళ్ళు కాకరని వదిలి అటు పరిగెత్తారు.

రింగు దగ్గర తాడు కాకర గుప్పిట్లోనే ఉంది. గోడలోకి మెల్లగా, మెల్లగా వదులు ఇచ్చాడు.

అప్పుడు వీధి తలుపు దగ్గరనుంచి కేక వినిపించింది.

నెమలి గడప మీద ఉంది. ఇన్ని నెలలూ ఆ సందుని దాటుకునే తిరిగింది. ఇవాళ పరిగెత్తాల్సి వచ్చింది. చూసుకోలేదు. ఎత్తు మడమ పాత రాతికీ కొత్త నేలకీ మధ్య మొదలంటా దిగిపోయింది. చెప్పు పట్టీ చీలమండకి బిగుసుకుంది. వంగి విప్పుకోబోతుంటే గుమ్మం కాపలావాడు, మర్యాద తెలిసినవాడు, "ఉండండి మేడమ్, నేను తీస్తాను" అంటూ చెయ్యి పట్టుకుని వదలడం లేదు.

*

బాంబు నిపుణులు గోడ విప్పారు. సీసం రేకు, దాని వెనక ఇటుకల్లా పేర్చిన పేలుడు మందు, మందు ముందు ముంగిలికి గురిపెట్టిన మేకులు. ముంగిలి అప్పటికి ఖాళీ అయింది. పెద్దాయన వచ్చాడు. నెమలి చేతులకి బేడీలు, ఒక కాలికే చెప్పు.

"మీ ఆవిడా ఇంతే," అంది కాకరతో, విసుగ్గా. "సందేది, సందేదని ప్రాణం తీసింది. గార ఆరకముందే పగలగొట్టి చూస్తానని పరంజా ఎక్కి కూర్చుంది."

"తర్వాత?"

"తర్వాతేమయిందో ఆయన రాశారుగా." గడ్డంతో పెద్దాయనని చూపించింది.

పెద్దాయన చూడటానికి ఇక్కడ అక్షరాల చార్ట్ లేదు. నేల చూపులు చూశాడు. ఆమెని కారెక్కించాక నోరు విప్పాడు.

"నెమలే తోసిందని అనుమానం వచ్చింది, నిజమే. కానీ అప్పుడు నిజం రాస్తే కొలిమిలోకి మనకున్న దారి మూసుకుపోయేది."

"ఆ దారినే బాంబు వచ్చింది."

"దేశం కోసం..."

"దేశం కత్తెర పట్టుకుని అదుగో, అక్కడ నిలబడింది," అన్నాడు కాకర. "మీరు మైక్ అవతల ఉన్నారు."

కొడతాడనుకుని పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. కాకర కొట్టలేదు. కొడితే అక్కడితో చెల్లైపోతుంది. చెల్లకూడదు.

"పాత రిపోర్ట్ తీయించేస్తాను. కొత్తది రాయిస్తాను," అన్నాడు పెద్దాయన.

"తియ్యొద్దు. 'కాలు జారింది' అన్న ముక్క అలాగే ఉండాలి. దాని పక్కన నిజం రాయండి. కింద మీరే సంతకం పెట్టండి. ఏది ఎప్పుడు రాశారో, ఏది అబద్ధమో, చదివినవాడికి కనపడాలి."

"అది చదివితే నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారు."

"చదువు వచ్చినవాళ్ళయితే పీకుతారు."

పెద్దాయన వెనక్కి తిరిగి వెళ్ళాడు. గడప దగ్గర మాత్రం కిందికి చూసి, జాగ్రత్తగా అడుగు వేశాడు.

మేనేజరు గోడలో పడిన బొక్క చూస్తూ గుండెలు బాదుకుంటున్నాడు. "ఎంత అందమైన కమాను! ఏమీ జరగలేదన్నట్టు, మచ్చ తెలీకుండా పూడ్పించాలి."

"పూడ్పించండి," అన్నాడు కాకర, అరచేతికి గుడ్డ చుట్టుకుంటూ. "కానీ జరిగిందని తెలియాలి. చుట్టూ సందు వదిలి పూడ్పించండి. వేలు పట్టేంత."

మరదలు వచ్చి పక్కన నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చాలాసేపు గోడనే చూసింది. చేతిలో కత్తెరతో పాటు అగ్గిపుల్ల గుడ్డ కూడా ఇంకా ఉంది.

"అంటే బావా," అంది ముక్కు తుడుచుకుని, "ఇక ఆ గోడకి కూడా దుమ్ము నేనే తుడవాలన్నమాట."